సోజూ సాక్షిగా సోదరభావం

మన పెళ్లిళ్లకు అగ్ని సాక్షి. దక్షిణ కొరియాలో ఇంగ్లీషు పాఠాలు చెప్పడానికి విమానమెక్కిన టీచరుకూ, అక్కడి సహోద్యోగులకూ మధ్య కుదిరే బంధానికి సోజూ అనే అక్కడి సారా సాక్షి. అగ్ని అక్కడా ఉంటుంది లెండి, బల్ల నట్టనడుమే. కాకపోతే దాని మీద పంది పొట్టమాంసం కాలుతుంటుంది. ఏడడుగులకు బదులు మూడు విడతలు. ఇల్చా అంటే మాంసం, సోజూ. ఈచా అంటే ఇంకో కొట్లో బీరు, వేయించిన కోడి. సమ్చా అంటే నోరెబాంగ్, అంటే గంటల లెక్కన అద్దెకిచ్చే గదిలో మైకు పట్టుకుని అందరూ తలా ఒక పాట. ఈ మొత్తం క్రతువు పేరు హ్వేషిక్. మూడో విడతకల్లా ఎవరు ఎవరికి ఏమవుతారో ఎవరికీ గుర్తుండదు. ఆ స్థితినే యాజమాన్యాలు టీం స్పిరిట్ అంటాయి.

ఈ ఉద్యోగాలు కుదిర్చే ఏజెంట్ల ప్రకటనలు చూస్తే ఉద్యోగంలో సగం ఈ బంధమే అనిపిస్తుంది. జీతానికి ఒక వరుస, ఇంటికి ఒక వరుస, "ఆప్యాయమైన సహోద్యోగుల"కు ఒక పేరా. ఆరితేరినవాళ్లు ఈ ప్రకటనలను కింది నుంచి పైకి చదువుతారు. ఆప్యాయత ఎంత పొడుగ్గా రాశారో చూసి, సెలవులు ఎంత పొట్టిగా ఉంటాయో లెక్కగట్టుకుంటారు. ఇంటర్వ్యూలో "మాది కుటుంబం లాంటి సంస్థండీ" అన్నారంటే ఓవర్‌టైం మీద ఆశ వదులుకోవాల్సిందే. కుటుంబంలో ఓవర్‌టైం అడిగేవాడు దుర్మార్గుడు. సెలవు అడిగేవాడు స్వార్థపరుడు. అగ్రిమెంటు కాగితం బయటికి తీసినవాడు బతికున్న తండ్రిని ఆస్తి పంచమన్న కొడుకుతో సమానం.

కుటుంబమన్నారు కాబట్టి అర్హత కూడా పుట్టుకతోనే రావాలి. కొరియా ప్రభుత్వం విదేశీ భాషా బోధకులకిచ్చే ఇ-2 వీసాకు, ఇంగ్లీషు వరకూ, ఏడు దేశాల పౌరులు వారసులు. అమెరికా, బ్రిటన్, కెనడా, ఐర్లాండ్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికా. హాగ్వాన్‌లో, అంటే అక్కడి ప్రైవేటు ట్యూషన్ సెంటర్లో చేరడానికి వీళ్లకు ఏదో ఒక డిగ్రీ ఉంటే చాలు. సముద్ర జీవశాస్త్రమైనా సరే, ఫోటోగ్రఫీ అయినా సరే. పుట్టిన ఊళ్లో ఇంగ్లీషు గాలి పీల్చాడు కాబట్టి ఊపిరితిత్తుల్లో వ్యాకరణం ఉన్నట్టే లెక్క. మనవాళ్లకు పక్క గుమ్మం ఒకటి తెరిచారు. భారత్, కొరియాల మధ్య 2009లో సంతకాలై, 2010 జనవరి 1న అమల్లోకి వచ్చిన సమగ్ర ఆర్థిక భాగస్వామ్య ఒప్పందం కింద భారతీయులు బడుల్లో ఇంగ్లీషు అసిస్టెంటు టీచర్లుగా వెళ్లవచ్చు. కార్ల విడిభాగాల జాబితా పక్కన మాస్టర్లను కూడా చేర్చారన్నమాట. అయితే వీళ్లకు డిగ్రీ ఒక్కటే సరిపోదు, టీచరుగా అర్హత పత్రం కూడా ఉండాలి. ఏలూరులో ఎం.ఏ. ఇంగ్లీషు, బి.ఎడ్. చేసి, పదో తరగతి పిల్లల చేత యాక్టివ్ వాయిస్‌ను పాసివ్‌లోకి మార్పించి మార్పించి జుట్టు నెరిసిన మాస్టారు తనకు ఇంగ్లీషు వచ్చని కాగితాల మీద రుజువు చేసుకోవాలి. మొన్నటిదాకా కాన్సాస్‌లో పిజ్జాలు అందించిన కుర్రాడు పాస్‌పోర్టు చూపిస్తే సరి. హైదరాబాదులో 1958లో మొదలై ఇవాళ ఇఫ్లూగా ఉన్న సంస్థకు ఎన్నో దేశాల నుంచి ఉద్యోగులు, టీచర్లు వచ్చి ఇంగ్లీషు నేర్చుకుపోతారు. వాళ్లకు నేర్పిన మనిషి సియోల్‌లో నేర్పాలంటే మాత్రం సర్టిఫికెట్ల కట్ట చంకన పెట్టుకుని వరుసలో నిలబడాలి.

కాగితాల కన్నా ముందు అడిగేది ఫోటో. న్యూజెర్సీలో పుట్టి, ఇంగ్లీషులో తప్ప కల కూడా రాని తెలుగు పిల్ల అమెరికా పాస్‌పోర్టుతో దరఖాస్తు పెట్టినా, ఫోటో చేరగానే ఏజెంటు గొంతుకు జలుబు చేస్తుంది. తల్లిదండ్రులు వేరే రకం టీచరును ఊహించుకుంటారండీ, మాకేం అభ్యంతరం లేదనుకోండి, అంటూ నసుగుతాడు. మొహం అయ్యాక రక్తం. 2007 నుంచి కొరియా విదేశీ ఇంగ్లీషు టీచర్లకు హెచ్‌ఐవీ పరీక్ష తప్పనిసరి చేసింది. పక్క బల్ల దగ్గర అదే పాఠం చెప్పే కొరియన్ టీచరుకు ఆ పరీక్ష లేదు. కొరియా సంతతి విదేశీయుడికీ లేదు. న్యూజిలాండ్ టీచరు ఒకావిడ కాదని ఎదురుతిరిగితే 2015లో ఐక్యరాజ్యసమితి జాతి వివక్ష నిర్మూలన కమిటీ ఆమె పక్షాన నిర్ణయం చెప్పింది. 2017లో కొరియా ఆ నిబంధన ఎత్తేసింది. అంటే పదేళ్ల పాటు ఆ కుటుంబ ఆప్యాయత ల్యాబు రిపోర్టు అందాకే మొదలైంది.

'కన్యాశుల్కం' నాటకంలో గిరీశానికి ఇవేవీ అడ్డు రాలేదు. విజయనగరంలో అప్పులవాళ్లు వెంటపడుతుంటే వెంకటేశానికి ఇంగ్లీషు చెబుతానన్న సాకుతో అగ్రహారంలో భోజనం, బస సంపాదించాడు. పాఠాల సంగతి ఎలా ఉన్నా చుట్ట కాల్చడం మాత్రం శ్రద్ధగా నేర్పాడు. గురజాడ అప్పారావు ఒక జగత్కిలాడీని చిత్రించాడని నూరేళ్లకు పైగా నవ్వుకుంటున్నాం. ఉచిత బస, ఎవరూ పరీక్షించని ఇంగ్లీషు, కలిసి పీల్చే పొగ. ఒక అంతర్జాతీయ పరిశ్రమకు నియామక నమూనా రాసిపెట్టాడాయన.

ఇక బల్లకు అటూ ఇటూ కూర్చున్నవాళ్ల సంగతి. కొరియాలో బడి అయిపోగానే పిల్లలు హాగ్వాన్‌కు చేరతారు. సియోల్‌లో రాత్రి 10 గంటలకు మూసెయ్యాలని నిబంధన ఉన్నందుకైనా 10కి వదులుతారు. ఒక గదిలో విదేశీ టీచరు బొమ్మల కార్డులు పట్టుకుని "హౌ ఈజ్ ద వెదర్" అంటుంటాడు. పక్క గదిలో కొరియన్ టీచరు వ్యాకరణం చెబుతుంది, పరీక్షకు రుద్దిస్తుంది, తల్లులకు ఫోన్లు చేస్తుంది, బస్సులో ఎవరెక్కారో ఎవరెక్కలేదో లెక్కపెడుతుంది. అది చాలదన్నట్టు విదేశీ టీచరును వెంటబెట్టుకుని బ్యాంకుకు వెళ్లి ఖాతా తెరిపిస్తుంది, సిమ్ కార్డు ఇప్పిస్తుంది, పన్ను నొప్పొస్తే డాక్టరు దగ్గర దుబాసీగా కూర్చుంటుంది. గదిలో హీటరు పనిచేయడం లేదని అర్ధరాత్రి అతను ఫోను చేస్తే, ఏ బొత్తాం నొక్కాలో నిద్రకళ్లతో చెబుతుంది. ఇన్ని చేసినావిడ జీతం చాలాచోట్ల అతని జీతం కన్నా తక్కువ. అతనికి ఇల్లు ఉచితం, ఆమె అద్దె ఆమెదే.

అలాంటి ఇద్దర్నీ శుక్రవారం రాత్రి ఎదురెదురుగా కూర్చోబెట్టి, చెరో గ్లాసూ చేతికిచ్చి, మనసులు విప్పి మాట్లాడుకోండి అంటాడు వొన్‌జాంగ్, అంటే ఆ హాగ్వాన్ యజమాని. విదేశీ టీచరు నిజంగానే విప్పుతాడు. ఇక్కడ అంతా బాగుంది గానీ ఏదీ ముందుగా చెప్పరు, ప్లానింగ్ లేదు, మా దేశంలో అయితేనా, అంటూ అరగంట. ఆమె నవ్వుతుంది. కొరియన్ సహోద్యోగులు ఎంత స్నేహశీలురో అని అతను ఇంటికి మెయిలు రాసుకుంటాడు. ఆమె ఏమనుకుందో తెలియాలంటే కొరియన్ రావాలి. అతను నాలుగేళ్లుగా అక్కడున్నా ఆ భాషలో బీరు అడగడం, బిల్లు అడగడం తప్ప నేర్చుకోలేదు. నేర్చుకోవాల్సిన అవసరమూ రాలేదు. దుబాసీ జీతం లేకుండా దొరుకుతోంది కదా.

హ్వేషిక్‌లో కూర్చోవడం ఒక విద్య. తన గ్లాసు తాను నింపుకోకూడదు. పెద్దవాళ్లకు పోసేటప్పుడు రెండు చేతులూ వాడాలి. వాళ్లు పోస్తే రెండు చేతులతో అందుకుని, మొహం పక్కకు తిప్పి తాగాలి. నిప్పుల మీద మాంసం తిరగెయ్యడం వయసులో చిన్నవాడి పని. అందుకే పరిచయమైన తొలి నిమిషంలోనే వయసు అడిగేస్తారు. కెనడా కుర్రాడు ఆ ప్రశ్నకు ఉలిక్కిపడతాడు. తెలుగువాడికి ఇందులో వింతేమీ ఉండదు. వియ్యాలవారింట్లో తొలి విందుకు వెళ్లొచ్చినవాడికి ఇవన్నీ కొట్టిన పిండి. ఎవరు కూర్చున్నాక కూర్చోవాలి, ఎవరు వడ్డిస్తే వద్దనకూడదు, ఎవరి జోకుకు ఎంతసేపు నవ్వాలి, అన్నీ తెలుసు. ఒకటే తేడా. వియ్యంకుడు ఎంత చిర్రుబుర్రులాడినా ఏడాది తిరిగేసరికి కాంట్రాక్టు రెన్యూ చెయ్యననలేడు.

శాకాహారి అయితే అనుబంధం మరీ చిక్కన. ఆ రాత్రికి బల్ల మీద అతని భోజనమే చర్చనీయాంశం. చేప కూడా తినవా, కోడి కూరగాయే కదా, మరి ప్రోటీన్ ఎట్లా అని పరామర్శలు. పోనీ కిమ్చీ తిను, ఆకుకూరే కదా అంటారు. అందులో రొయ్యల ఉప్పు, చేపల ఊట పడతాయని అతను సగం తిన్నాక ఎవరికో గుర్తొస్తుంది. చివరికి లెట్యూస్ ఆకులో అన్నం ముద్ద, వెల్లుల్లి రెబ్బ, మిరపకాయ పెట్టుకుని నమలడమే. ఇక చుసోక్ పండగ వస్తుంది. యాజమాన్యం ప్రేమగా అందరికీ రంగుల పెట్టె పంచుతుంది. విప్పితే లోపల వరుసగా స్పామ్ డబ్బాలు. కొరియా యుద్ధ కాలంలో అమెరికా సైన్యంతో పాటు దిగిన ఈ డబ్బా పందిమాంసం అక్కడ ఇవాళ గౌరవనీయమైన పండగ కానుక. తెనాలి శాకాహారి చేతుల్లో ఆ పెట్టె పెట్టి, నవ్వమని, ఫోటో తీసి, మా అంతర్జాతీయ కుటుంబం అని పోస్టు పెడతారు. అతను సాయంత్రం దాన్ని తీసుకెళ్లి పక్కింటి ముసలమ్మకిస్తాడు. ఆవిడ బదులుగా సంచెడు చిలగడదుంపలిస్తుంది. కంపెనీ ఖర్చుతో జరిగిన కార్యక్రమాలన్నిటిలో నిజంగా కుదిరిన స్నేహం ఇదొక్కటే. మినిట్స్‌లో మాత్రం దీని ప్రస్తావన ఉండదు.

ప్రభుత్వ బడుల్లో మద్యానికి తోడు వ్యాయామం. విదేశీ టీచర్లను రప్పించేందుకు 1995లో మొదలైన ఎపిక్ పథకం కింద వెళ్లినవాళ్లు చెప్పే కథల్లో టీచర్ల వాలీబాల్ తప్పకుండా ఉంటుంది. చాలా ప్రాథమిక పాఠశాలల్లో బుధవారం మధ్యాహ్నం పిల్లలు వెళ్లిపోగానే నెట్టు కడతారు. విదేశీయుడు పొడుగ్గా ఉంటే పండగే. ఉండకపోతే పండగ వేరే రకంగా జరుగుతుంది. ప్రిన్సిపాల్ కొట్టిన బంతి గీత దాటినా లోపల పడినట్టే. ఆ సంగతి తెలియక "అవుట్" అని ఇంగ్లీషులో గట్టిగా అరిచినవాడు ఆ రోజు అందరికీ ఒక కొత్త మాట బాగా నేర్పినట్టు.

ఇంత చేసి సంపాదించిన స్నేహం కాస్త ముదిరేసరికి ఫిబ్రవరి వచ్చిపడుతుంది. అక్కడ విద్యా సంవత్సరం మార్చిలో మొదలు. ప్రభుత్వ టీచర్లను నాలుగైదేళ్లకోసారి బడి మారుస్తారు. మన విదేశీ టీచరుకు దగ్గరైన ఒకే ఒక్క మనిషి వేరే ఊరు వెళ్లిపోతోందన్న సంగతి వీడ్కోలు విందులో తెలుస్తుంది, అదీ తాను అందరితో పాటు చప్పట్లు కొట్టాక. పక్క దేశం జపాన్‌లో, 1987లో మొదలైన జెట్ పథకం టీచర్లకు, ఇదే అనుభవం ఒక నెల ఆలస్యంగా, మార్చి చివర కలుగుతుంది. జపాన్ పద్ధతిలో ఇంకో సొగసుంది. డిసెంబరులో బోనెన్‌కై, అంటే ఏడాది చివరి విందు జరుగుతుంది. చందా ఎవరిది వాళ్లే కట్టుకోవాలి, అదీ చిన్న మొత్తమేమీ కాదు. ఆ రాత్రి వైస్ ప్రిన్సిపాల్ విదేశీ టీచరు మెడ మీద చెయ్యేసి, తన కాలేజీ రోజుల ప్రేమకథ చెప్పి, నువ్వు నా కొడుకు లాంటివాడివని కళ్లు తుడుచుకుంటాడు. మర్నాటి ఉదయం అదే మనిషి అదే స్టాఫ్‌రూంలో తల పైకెత్తడు. తాగినచోట అన్నది తాగినచోటే వదిలెయ్యడం మర్యాద. డబ్బు కట్టి తెచ్చుకున్న తండ్రి తెల్లారేసరికి ఫైళ్లు చూసుకుంటున్న ఆఫీసరైపోతాడు.

విదేశీ టీచర్లలో వాళ్లకు వాళ్లకు ఉన్న బంధం ఇంతకన్నా గట్టిదనుకోకండి. శనివారం రాత్రి సియోల్‌లోని ఇటేవాన్ వీధుల్లో ఆ బంధువర్గమంతా కనిపిస్తుంది. వాళ్లను కలిపేది ఒకే ఒక్క సంభాషణాంశం: ఈ దేశంలో ఏం బాగాలేదు. దేశం నచ్చినవాడు ఆ బల్ల దగ్గర వెలి. మనవాడు వెళ్లి కూర్చుంటే మాంచెస్టర్ కుర్రాడు ఎంతో ఉదారంగా "నీ ఇంగ్లీషు చాలా బాగుందే" అని మెచ్చుకుంటాడు. అతని అయిదు వాక్యాల మెయిల్లో ఉన్న ఏడు తప్పులూ పొద్దున దిద్దిపెట్టింది మనవాడే. ఈ సోదరభావం అసలు రంగు జీతం పడిన రాత్రి బయటపడుతుంది. మిడ్‌నైట్ రన్ అంటారు దాన్ని. అటు ఖాతాలో డబ్బు, ఇటు ఇంచియాన్ విమానాశ్రయంలో మనిషి. అతని క్లాసులన్నీ తెల్లారి మిగిలినవాళ్ల నెత్తిన పడతాయి. నిన్న సమ్చాలో భుజాలు కలిపి పాట పాడినవాడు ఆ సంగతి ఒక్క ముక్క చెప్పలేదే అని వీళ్లు బాధపడతారు. ఎలా చెబుతాడు? చెబితే వీళ్లలో ఒకరు ఆప్యాయత పట్టలేక వొన్‌జాంగ్‌కు చెప్పేస్తారు.

అసలు కథంతా కాకావ్‌టాక్‌లో ఉంది. ఏ హాగ్వాన్ తీసుకున్నా ఆ యాప్‌లో రెండు గ్రూపులుంటాయి. ఒకదాంట్లో యజమాని ఉంటాడు. అందులో పువ్వులు, బొటనవేళ్లు, "గ్రేట్ టీం". రెండోదాంట్లో యజమాని ఉండడు. ఆ రెండో గ్రూపు పుట్టిన రోజే అక్కడ సహోద్యోగులు పుట్టారు. అంతకు ముందు ఉన్నవాళ్లు ఒకే జెరాక్స్ మిషను దగ్గర తగులుకునే అపరిచితులు. యజమానికీ ఇది తెలుసు. అందుకే ఆయన కలిసి తాగమంటాడు, కలిసి పాడమంటాడు, ఆదివారం కలిసి కొండెక్కమంటాడు. జీతం చీటీలు కలిసి చూసుకోవడం మాత్రం సంస్థ సంస్కృతికి విరుద్ధమంటాడు. కొన్ని అగ్రిమెంట్లలో ఆ ముక్క ఏకంగా షరతుగానే రాసుంటుంది. ఎవరి పొట్టలో ఎంత సోజూ పట్టిందో అందరికీ తెలియాలి. ఎవరి ఖాతాలో ఎంత పడిందో ఒకరికొకరికి తెలియకూడదు. కొరియన్ టీచరు, కాన్సాస్ కుర్రాడు, ఏలూరు మాస్టారు తమ మూడు చీటీలూ ఒకే బల్ల మీద పరిచిన రాత్రి ఎంత గొప్ప హ్వేషిక్ అవుతుందో ఊహించండి. ఆ విందుకు బిల్లు కట్టడానికి ఏ యజమానీ ముందుకు రాడు.

పదకొండో నెల గురించి చెప్పకపోతే ఈ కుటుంబ చరిత్ర పూర్తి కాదు. కొరియా చట్టం ప్రకారం ఏడాది పనిచేసి వెళ్లేవాడికి దాదాపు ఒక నెల జీతం అదనంగా ముట్టజెప్పాలి. అందువల్ల కొందరు యజమానులకు సరిగ్గా పదకొండో నెలలో టీచరులోని లోపాలు కనపడటం మొదలవుతుంది. పది నెలలు "మా తమ్ముడు" అన్న నోటితోనే "పేరెంట్స్ ఫిర్యాదు చేస్తున్నారు" అంటారు. ఇల్లు యజమాని ఇచ్చినదే. వీసా ఆ ఉద్యోగానికి ముడిపడినదే. గడువు లోపల వేరే చోట చేరాలంటే విడుదల పత్రం మీద సంతకం ఆయనే పెట్టాలి. లెక్చరర్ల ఒరిజినల్ సర్టిఫికెట్లు బీరువాలో పెట్టి తాళం వేసుకునే మన ప్రైవేటు కాలేజీ యాజమాన్యాలకు ఇది చదివితే కడుపు మండుతుంది. ఇన్నేళ్లూ కాగితాలతోనే సరిపెట్టుకున్నామే, మనిషి పడుకునే మంచం కూడా మన బీరువాలో పెట్టుకోవచ్చని తోచలేదే అని.

సహోద్యోగుల బంధం మీద నిజమైన పరిశోధన ఒకసారి జపాన్‌లో జరిగింది. అక్కడ ఒకప్పుడు ఇంగ్లీషు సంభాషణ బడుల్లో అతి పెద్ద గొలుసు నోవా. దాని గుర్తు పక్షి ముక్కున్న గులాబీ కుందేలు. వేల మంది విదేశీ టీచర్లు, లక్షల మంది విద్యార్థులు. టీచర్లు బడి బయట విద్యార్థులతో కలిసి తిరగకూడదని నియమం. స్నేహం ఉచితంగా దొరికితే పాఠం ఎవడు కొంటాడు మరి. 2007లో జీతాలు ఆలస్యమయ్యాయి, ఆ తర్వాత ఆగిపోయాయి, అక్టోబరులో సంస్థ కోర్టు రక్షణ కోరింది. ఇంటి అద్దె జీతంలోంచి కోసుకుని ఇంటివాళ్లకు కట్టకపోవడంతో కొందరు టీచర్లకు ఖాళీ చెయ్యమని నోటీసులొచ్చాయి. చేతిలో చిల్లిగవ్వ లేనప్పుడు యూనియన్ ఒక ఏర్పాటు చేసింది: అన్నం పెడితే పాఠం చెబుతారు. ఏళ్ల తరబడి బయట కలవడం నిషిద్ధమైన టీచరూ విద్యార్థీ సంస్థ కూలిపోయాక ఒక బల్ల దగ్గర కూర్చుని తిన్నారు. అప్పటిదాకా ఒకరి పేరొకరికి తెలియని టీచర్లు ఎవరికెంత బాకీ ఉందో కలిసి లెక్కలు కట్టుకున్నారు. ఏ టీం బిల్డింగ్ శిబిరంలోనూ రాని ఐకమత్యం అది.

మరి యాజమాన్యం వైపు నుంచి బంధానికి జరిగిన కృషి సంగతి? ఉద్యోగుల సంక్షేమం కోసం పోగుచేసిన సంఘం నిధి ఒకటి ఆ సంస్థలో ఉండేది. అందులోంచి 32 కోట్ల యెన్లు పక్కకు మళ్లించి, విద్యార్థులకు తిరిగివ్వాల్సిన ఫీజులకు వాడారని నోవా అధిపతిని 2008లో అరెస్టు చేశారు. 2009లో ఒసాకా జిల్లా కోర్టు ఆయన్ను దోషిగా తేల్చి జైలు శిక్ష వేసింది, పైకోర్టు తర్వాత శిక్ష తగ్గించింది. ఉద్యోగుల సౌభ్రాతృత్వాన్ని అంత పొదుపుగా దాచి, అంత అవసరంలో వాడుకున్న యజమాని మరొకరు లేరు.

కొరియాలో ఇప్పుడు రోజులు మారాయంటున్నారు. 2019 జులై 16 నుంచి పనిచేసే చోట వేధింపులకు వ్యతిరేకంగా చట్టం అమల్లో ఉంది. బలవంతంగా తాగించడం, హ్వేషిక్‌కు రమ్మని ఒత్తిడి చెయ్యడం కూడా వేధింపుల కిందికి రావచ్చని కార్మిక శాఖ మార్గదర్శకాలు చెబుతున్నాయి. అయితే అయిదుగురి కన్నా తక్కువ మంది పనిచేసే చోట్ల ఈ సెక్షను వర్తించదు. అకారణంగా తీసేస్తే అడిగే హక్కూ అలాంటిచోట ఉండదు. వీధి చివర మెట్లెక్కి వెళ్లే బుల్లి హాగ్వాన్‌లలో ఉండేది యజమాని, ముగ్గురు నలుగురు టీచర్లు. మన గోడల మీద కుటుంబ నియంత్రణ ఎరుపు త్రికోణం పక్కన రాసిన చింతలేని చిన్న కుటుంబం ఇదేనని, ఆ రాతలు యజమానుల కోసమే రాశారని సియోల్ దాకా వెళితే గానీ అర్థం కాదు.

పెద్ద సంస్థలు మాత్రం చట్టాన్ని గౌరవించి నోటీసు భాష మార్చాయి. ఈ శుక్రవారం సాయంత్రం మన కుటుంబ హ్వేషిక్. హాజరు పూర్తిగా స్వచ్ఛందం. రాలేనివారు కారణాన్ని గురువారం మధ్యాహ్నంలోగా వొన్‌జాంగ్‌ గారిని స్వయంగా కలిసి చెప్పగలరు.